పద్దెనిమిది మందికి ఒకే ఇల్లు: కోనసీమలో మూడు రాత్రుల ట్రిప్పు ప్లాన్ చేసుకునేదెలా

"ఈసారి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దాం" అన్న మాట ప్రతి పెళ్ళిలోనూ వినపడుతుంది. భోజనాలయ్యాక కిళ్ళీ నములుతూ ఎవరో ఒకరంటారు, అందరూ ఊఁ కొడతారు, మండపం గుమ్మం దాటగానే మర్చిపోతారు. మా అత్తగారి వైపు మాత్రం ఆ మాట మూడుసార్లు నిజమైంది. మూడుసార్లూ ప్లానింగ్ నా నెత్తినే పడింది. మూడుసార్లూ కోనసీమలోనే, కొబ్బరితోటలో ఒక పెద్ద ఇల్లు మొత్తం అద్దెకి తీసుకుని ఉన్నాం. హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీరు వేరే ఊళ్ళో ఉన్నా ప్రయాణం సంగతి తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

ముందు తలకాయల లెక్క

ఇల్లు వెతకడం సరదా పని కాబట్టి అందరూ దానితోనే మొదలుపెడతారు. ఫొటోలు గ్రూపులో పడతాయి, "వావ్" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఎంతమందో తేలకుండా ఇల్లు చూడకండి. పన్నెండు మందికి సరిపోయే ఇల్లు, పద్దెనిమిది మందికి సరిపోయే ఇల్లు అసలు ఒక రకం కాదు.

గ్రూపులో "ఎప్పుడు వెళ్దాం?" అని అడిగితే పద్దెనిమిది జవాబులొస్తాయి. రెండు తేదీలు మాత్రమే ఇచ్చి, ఏదో ఒకటి ఎంచుకోమనండి. వారం గడువు పెట్టండి. వస్తామన్న ప్రతి కుటుంబం దగ్గరా అప్పుడే మూడు వేలో ఐదు వేలో అడ్వాన్సు తీసుకోండి. సొంతవాళ్ళని డబ్బులడగడం ఏమిటని మొహమాటపడతారేమో, నేనూ పడ్డాను. మొదటిసారి ఇరవై రెండు మంది వస్తామన్నారు, ఇరవై రెండు మందికి సరిపోయే ఇల్లు తీసుకున్నాం, వచ్చింది పద్నాలుగు మంది. ఖాళీ గదుల అద్దె మిగతావాళ్ళం పంచుకున్నాం. రెండోసారి ఫోన్‌పే నంబరు పెట్టి "డబ్బు పడినవాళ్ళకే గది" అని రాశాను. మా చిన్న మరిది "వదినా, నువ్వు ట్రావెల్ ఏజెన్సీ పెట్టేయ్" అన్నాడు కానీ, అందరికంటే ముందు పంపింది అతనే.

"చూస్తాంలే" అన్నవాళ్ళని రానివాళ్ళ కింద వేసుకోండి. చివర్లో వస్తే హాల్లో పరుపు ఎలాగూ ఉంటుంది.

ఏ నెలలో

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా కోనసీమ బావుంటుంది. సంక్రాంతి వారం మాత్రం ఆలోచించుకోండి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంటే అప్పుడే రావాలి, నిజమే. కానీ ఊరంతా అప్పుడే ఊళ్ళోకి వస్తుంది. ఇళ్ళ అద్దెలు పెరుగుతాయి, రైలు టికెట్లు దొరకవు, వంటవాళ్ళు అసలే దొరకరు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం. ఆ రెండు మూడు రోజులు ఆ దారి మొత్తం జనం.

మే నెలలో పిల్లలకి సెలవులని బయల్దేరేవాళ్ళకి ఒక మాట. ఎండాకాలంలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలకి నీళ్ళు కట్టేస్తారు, మళ్ళీ వదిలేది జూన్‌లోనే. ఇంటి ముందు నిండుగా కాలువ పారుతున్న ఫొటో చూసి మేలో వెళ్తే అక్కడ కనిపించేది బురద, తూడు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద కాలం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. గోదావరి మధ్య దిబ్బల మీదుండే లంక గ్రామాలకి వెళ్ళే కాజ్‌వేలు మునిగితే పడవే గతి. పులస చేప దొరికేది కూడా సరిగ్గా ఆ వరద నీళ్ళలోనే కాబట్టి, పులస కోసం ప్రాణం పెట్టేవాళ్ళు ఆ నెలల్లోనే వెళ్తారు. వెళ్ళండి, కానీ ఇల్లు లంకలో కాకుండా అమలాపురం, రాజోలు వైపు మెయిన్ రోడ్డుకి దగ్గరలో తీసుకోండి.

ఇల్లు చూసేటప్పుడు అడగాల్సినవి

ఫొటోల్లో మండువా లోగిలి, ఉయ్యాల బల్ల, చుట్టూ కొబ్బరిచెట్లు ఉంటాయి. ఎవరైనా పడిపోతారు. మీరు మాత్రం బాత్రూములు లెక్కపెట్టండి. నా లెక్క ఐదుగురికి ఒకటి, అంతకన్నా తక్కువైతే ఆ ఇల్లు వద్దు. పాత మండువా ఇళ్ళలో బాత్రూములు పెరట్లో ఉంటాయి, రాత్రిపూట పెద్దవాళ్ళు మెట్లు దిగి వెళ్ళాలి. కింది అంతస్తులో, గదికి ఆనుకుని, వెస్టర్న్ కమోడ్ ఉన్న బాత్రూము కనీసం ఒక్కటుందా అని అడగండి. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. అందుకే ఆ ఒక్క ప్రశ్నకి "లేదు" అన్న ఇళ్ళని ఎంత అందంగా ఉన్నా వదిలేశాను.

తర్వాత నీళ్ళు. రెండోసారి ట్రిప్పులో కేర్‌టేకర్‌ని ఫోన్లో అడిగాను, "నీళ్ళు సరిపోతాయా?" అని. "ఆయ్, నీళ్ళకేం లోటండి, కోనసీమండి ఇది" అన్నాడు. గోదావరి వాళ్ళ "ఆయ్" వింటే ఇంకో ప్రశ్న వేయబుద్ధి కాదు. మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి, పదకొండో మనిషి తల మీద షాంపూ నురగతో ఉండగా కుళాయి ఆగిపోయింది. మేడ మీద ఉన్నది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే. మోటారు వేద్దామంటే కరెంటు లేదు. జనరేటరు ఉంది, కానీ దానికి మోటారు కలపలేదు, లైట్లు, ఫ్యాన్లు మాత్రమే నడుస్తాయి. మా ఆడపడుచు భర్త తువ్వాలు కట్టుకుని పెరట్లో నూతి దగ్గర చేదతో నీళ్ళు తోడుతుంటే, పిల్లలు వరసగా బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకి ట్రిప్పు మొత్తంలో బాగా గుర్తున్నది అదేనట. తలంటుకుంటున్న ఆవిడకి మాత్రం ఇప్పటికీ కోపమే.

కాబట్టి "సరిపోతాయా" అని అడక్కండి, సరిపోతాయనే చెబుతారు. ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎన్ని ట్యాంకులు, కరెంటు పోతే మోటారు నడుస్తుందా, గీజర్లు ఎన్ని, అవి ఎన్ని లీటర్లవి అని అంకెలు అడగండి. మనిషికి స్నానం, బాత్రూము, గిన్నెలు కలిపి రోజుకి వంద లీటర్లు వేసుకుంటే పద్దెనిమిది మందికి 1,800 లీటర్లు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. తాగడానికి, కాఫీకి, పప్పుకి ఇరవై లీటర్ల టిన్నులు రోజుకి నాలుగైదు కావాలి. ముందురోజే తెప్పించి పెట్టమనండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కిటికీలకి దోమల మెష్ ఉందా? లేకపోతే దోమతెరలు మీరే తీసుకెళ్ళాలి, కోనసీమ దోమలతో పరాచికాలు వద్దు. ఏసీలు ఎన్ని గదుల్లో ఉన్నాయి, అదనపు పరుపులు, దుప్పట్లు ఎన్ని? కార్లు ఎక్కడ పెట్టాలి? కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి. ఫోన్ సిగ్నల్ ఏ నెట్‌వర్కుకి అందుతుంది? ఆఫీసు పని పెట్టుకొచ్చే మరిదిగారొకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

డబ్బు పంపేముందు కేర్‌టేకర్‌తో వీడియో కాల్‌లో ఇల్లంతా నడిపించి చూడండి. గేటు దగ్గర మొదలుపెట్టి, కాల్ కట్ చేయకుండా, చివరి బాత్రూము కుళాయి తిప్పేదాకా చూపించమనండి. వీడియో కాల్ ఎందుకులెండి అనేవాళ్ళకి అడ్వాన్సు పంపకండి, ఉన్నది ఆ ఇల్లో కాదో కూడా తెలీదు. అడ్వాన్సు పంపాక ఎంత ఇచ్చారో, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారో, ఎన్ని గంటలకి వచ్చి ఎన్ని గంటలకి ఖాళీ చేయాలో వాట్సాప్‌లో రాసి పంపించి, "ఓకే" అనిపించుకోండి. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలు వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పి, పాస్‌పోర్టు కాపీలు దగ్గరుంచుకోండి. విదేశీ పౌరులు బస చేస్తే 24 గంటల్లో వాళ్ళ వివరాలు అధికారులకి తెలియజేయాల్సిన బాధ్యత ఇంటివాళ్ళది.

డబ్బు, గదులు

ఈ రెండూ బయల్దేరకముందే తేలిపోవాలి. అక్కడికెళ్ళాక తేల్చుకుందామంటే అక్కడ తేలేది మనసుల్లో ఉన్నవి.

అద్దె గది లెక్కన, తిండి మనిషి లెక్కన పంచండి. రెండూ కలిపి తలకింతని వేస్తే ఇద్దరే ఉన్న కుటుంబమో, పసిపిల్లలున్న కుటుంబమో నష్టపోతుంది. ఉదాహరణకి ఇంటి అద్దె రాత్రికి 24 వేలు అనుకుందాం. మూడు రాత్రులకి 72 వేలు, ఆరు గదులైతే గదికి 12 వేలు. తిండికి పెద్దవాళ్ళది ఒక వాటా, ఐదు నుంచి పన్నెండేళ్ళ పిల్లలది అర వాటా, ఐదేళ్ళ లోపువాళ్ళు ఉచితం. పద్దెనిమిది మందిలో పదముగ్గురు పెద్దలు, నలుగురు పిల్లలు, ఒక పసివాడు ఉంటే పదిహేను వాటాలు. సరుకులకీ, వంటకీ 30 వేలైతే వాటా రెండు వేలు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ళ పాప ఉన్న కుటుంబానికి గది 12 వేలు, తిండి 5 వేలు, మొత్తం 17 వేలు. ఒకరోజు ముందు వెళ్ళిపోయినా గది అద్దె తగ్గదు, తిండి మాత్రం తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ప్రతి ట్రిప్పులోనూ ఒక కుటుంబం ముందు వెళ్ళిపోతుంది. అత్తయ్యగారి గది, భోజనం మా ఇంట్లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ సమంగా పంచుకుంటారు. ఆవిడకి లెక్క చెప్పం, చెబితే రానంటుంది.

ఖర్చు ఒక్కరి చేతి మీదుగానే జరగాలి. ప్రతి బిల్లూ ఫొటో తీసి గ్రూపులో పెట్టేయండి. స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్ వాడినా సరే, నోట్‌బుక్ అయినా సరే. అరటిపళ్ళ గెల ఎవరో కొన్నారు, బొండాలకి ఇంకెవరో ఇచ్చారు, ఇలాంటివన్నీ చివర్లో గుర్తు తెచ్చుకోవడం కంటే పెద్ద టెన్షన్ లేదు.

గదులకైతే చీటీలు వేయండి. పెద్దవాళ్ళకీ, పసిబిడ్డ ఉన్నవాళ్ళకీ కింది గదులు ముందే తీసేసి, మిగతావాటికి పిల్లల చేత చీటీలు తీయించి, వీడియో గ్రూపులో పెట్టండి. ఏసీ లేని గది వచ్చినవాళ్ళు ఎవరి మీదా అలగలేరు. మండువా ఇంట్లో గదులన్నీ మధ్య హాల్లోకే తెరుచుకుంటాయి కాబట్టి ఒక గదిలో గురక అన్ని గదులకీ వినిపిస్తుంది. దానికి చీటీ లేదు.

వంట ఎవరు చేస్తారు?

ఇల్లు అద్దెకి తీసుకుంటే వంటగది కూడా వస్తుంది. "వంటగది ఉందిగా, మనమే వండుకుందాం, సరదాగా ఉంటుంది" అని ఎవరో అంటారు. ఆ మాట మగవాళ్ళ నోటి నుంచి వస్తే, "మనం" అంటే ఎవరెవరో పేర్లు రాయమనండి.

మొదటి ట్రిప్పులో మేం వండుకున్నాం. నేను, మా తోడికోడలు, ఆడపడుచు ముగ్గురం పొద్దున్న ఆరింటికి లేచి పద్నాలుగు ప్లేట్ల ఉప్మా చేసి, అది కడిగేసరికి మధ్యాహ్నం పప్పు పెట్టే టైమైంది. కొబ్బరితోట మేం చూసింది వంటింటి కిటికీలోంచే. తిరిగొచ్చాక ఫొటోలు చూస్తే ముగ్గురం ఒక్క గ్రూపు ఫొటోలో ఉన్నాం, అదీ చేతిలో గరిటెతో. ఇంటి పని ఇంకో ఊళ్ళో చేయడానికి అద్దె ఎందుకు కట్టాలి?

వంటమనిషిని పెట్టుకోండి. మిగతా ఏ ఖర్చు తగ్గించినా దీన్ని తగ్గించకండి. కేర్‌టేకర్‌ని అడిగితే ఊళ్ళోనే ఎవరో ఉంటారు. వంటావిడతో పాటు గిన్నెలకీ, తుడవడానికీ ఇంకో మనిషిని కూడా మాట్లాడండి, లేకపోతే ఆ పని మళ్ళీ మనదే. రోజు కూలి ఎంత, ఎన్ని పూటలు, సరుకులు ఎవరు తేవాలి అన్నది ఫోన్లోనే తేల్చుకోండి. మాకు వండిపెట్టిన ఆవిడ ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న:

"ఎంతమందికండి?"

"పద్దెనిమిది మందికండి."

"తినేవోళ్ళా, డైటింగోళ్ళాండి?"

సగం సగం అన్నాను. "అయితే బియ్యం రెండు కేజీలండి పూటకి, సరిపోద్ది" అంది. సరిగ్గా సరిపోయింది. అదే అంకె మీరూ వాడుకోవచ్చు. కాఫీ, టీలకి, తోడుకి కలిపి రోజుకి ఆరేడు లీటర్ల పాలు. గ్యాస్ బండ నిండుగా ఉందా, ఇంకోటి స్పేర్ ఉందా చూడండి. పెద్ద గుండిగలు, జల్లి గరిటెలు లేకపోతే పద్దెనిమిది మందికి అన్నం మూడు కుక్కర్లలో వండాలి. అరిటాకులు తోటలోనే దొరుకుతాయి, మధ్యాహ్నం భోజనం ఆకుల్లో పెట్టేస్తే గిన్నెలు సగం తగ్గుతాయి.

మెనూ ఆవిడకే వదిలేయండి. మీకిష్టమైన పనీర్ అక్కడ అడక్కండి. పనసపొట్టు కూర, కొబ్బరిపాలతో చేసే వంటలు, రొయ్యలు, పీతలు, చేపల పులుసు ఆవిడ చేతిలో పుట్టినవి. పులుసు పొద్దున్నే పెట్టించి రాత్రికి తినండి. శాకాహారులుంటే వాళ్ళ గిన్నెలు, పొయ్యి వేరుగా కావాలా అని ముందే అడగండి. మా పెద్దత్తగారు అడగలేదు, ఊరుకుంది, మూడురోజులు పెరుగన్నమే తింది. అది తెలిసేసరికి మేం రైల్లో ఉన్నాం.

మందు సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. తాగేవాళ్ళు ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి, మేడ మీదే కూర్చోవాలి, పడవ ఎక్కే రోజు ముట్టుకోకూడదు. పక్క రాష్ట్రం నుంచి సీసాలు మోసుకెళ్ళి చెక్‌పోస్టు దగ్గర పరువు పోగొట్టుకోకండి.

ప్రయాణం

అమలాపురానికి రైలు లేదు. దిండి, రాజోలు వైపు ఇల్లయితే నర్సాపురం వెళ్ళే రాత్రి రైలెక్కి పాలకొల్లులో దిగండి, చించినాడ వంతెన దాటితే దిండే. అమలాపురం వైపైతే రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా వెళ్ళండి, దారిలో టిఫిను, కాఫీలతో కలిపి రెండు గంటల పైనే.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది, పాత అలవాటుతో కేలెండర్లో తప్పు రాసుకోకండి. ఒక టికెట్టు మీద ఆరుగురికే, కాబట్టి ముగ్గురు నలుగురు ఒకేసారి కూర్చుని పొద్దున్న ఎనిమిదింటికి బుక్ చేయండి. పెద్దవాళ్ళ టికెట్టు విడిగా తీయండి. 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది గానీ, ఆ టికెట్టు మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. కుటుంబంతో కలిపేస్తే మామయ్యగారికి అప్పర్ బెర్త్ వస్తుంది, అప్పుడు రాత్రంతా బోగీలో బతిమాలుకోవాలి.

కార్లలోనైతే విజయవాడ, ఏలూరు, తణుకు మీదుగా నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. పద్దెనిమిది మందికి టెంపో ట్రావెలర్, దాంతోపాటు ఒక కారు. కారు అత్యవసరానికి ఉండాలి. రాత్రిపూట అమలాపురం ఆసుపత్రికి పరుగెత్తాల్సొస్తే టెంపో డ్రైవర్ని నిద్ర లేపుతూ కూర్చోలేం. షుగరు, బీపీ మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టించండి.

అక్కడికెళ్ళాక

మొదటి గంటలో రెండు పనులు. అన్ని గదులూ వీడియో తీసుకోండి, పగిలిన టీపాయ్ అద్దం మీ ఖాతాలో పడకుండా. తర్వాత పిల్లలందర్నీ పోగేసి రేవు చూపించండి. కాలువ రేవైనా, గోదావరి రేవైనా మెట్లకి పాచి పడుతుంది, లోతు ఒక్కసారిగా వస్తుంది. పెద్దవాళ్ళు లేకుండా మెట్టు కూడా దిగకూడదని చెప్పి, గంటల ప్రకారం ఒక్కొక్కరిని కాపలా పెట్టండి. "అందరం ఉన్నాంగా, ఎవరో ఒకరు చూస్తారు" అంటే ఎవరూ చూడరు. మా ఇంట్లో కాపలా మనిషి మెళ్ళో ఒక విజిల్ వేసుకుంటాడు. విజిల్ చేతులు మారితేనే డ్యూటీ దిగినట్టు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు ఒడ్డు మీదే వేసుకోవాలి, ఫొటో కోసం తీయకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది మర్చిపోలేం కదా. జాకెట్లు తక్కువున్నాయంటే ఎక్కకండి, ఎంత అడ్వాన్సిచ్చినా సరే.

ప్రోగ్రాము రోజుకి ఒక్కటే పెట్టండి. ఒకరోజు అంతర్వేది, గుడి చూసుకుని గోదావరి సముద్రంలో కలిసే చోటు దాకా. ఒకరోజు అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి. మూడోరోజు ఎక్కడికీ వద్దు. ముగ్గురు అరుగు మీద పేకాడతారు, ఇద్దరు నిద్రపోతారు, పిల్లలు ఎండిపోయిన కొబ్బరిమట్టలతో క్రికెట్ ఆడతారు. అందరూ అన్నింటికీ రావాలన్న పట్టింపు మాత్రం పెట్టుకోకండి. గుడికి రానివాళ్ళని ఇంట్లో ఉండనివ్వండి.

రాత్రి పది తర్వాత స్పీకర్ ఆపేయాలి, చట్టం కూడా అదే చెబుతోంది. పల్లెటూళ్ళో పాట రెండు వీధుల అవతలికి వినపడుతుంది, పొద్దున్న పాలు పోసే ఆయనే అడిగేస్తాడు, "రాత్రి మహా సందడండి" అని. చీకటి పడ్డాక తోటలోకి టార్చి లేకుండా వెళ్ళొద్దు, పురుగూ పుట్రా ఉంటాయి.

ఖాళీ చేసే రోజు

ముందురోజు రాత్రే లెక్క మూసేయండి. ఎవరు ఎవరికి ఎంతివ్వాలో గ్రూపులో పెట్టి, రైలెక్కేలోపు తేల్చేయండి. వారం దాటిన బాకీ బంధువుల మధ్య వసూలు కాదు. మిగిలిన బియ్యం, నూనె, పప్పులు వంటావిడకి ఇచ్చేయండి, ఆవిడకీ గిన్నెలు తోమిన మనిషికీ అందరి తరఫునా ఒకే కవరు ఇవ్వండి. ప్రతి గదిలో ప్లగ్ పాయింట్లు ఒకసారి చూడండి, మూడు ట్రిప్పుల్లో మేం తొమ్మిది చార్జర్లు వదిలేశాం. కేర్‌టేకర్‌ని పక్కన పెట్టుకుని గదులు చూపించి, డిపాజిట్ గేటు దగ్గరే వెనక్కి తీసుకోండి.

రాజమండ్రి వైపు వెళ్ళేవాళ్ళు ఆత్రేయపురం మీదుగా వెళ్తే పూతరేకులు తయారుచేసే చోటే కొనుక్కోవచ్చు. డబ్బా సామాను అడుగున పెట్టకండి. ఇంకొకటి, బయల్దేరే ముందు కేర్‌టేకర్ కొబ్బరికాయల బస్తా తెచ్చి బండిలో వేయబోతాడు. కారైతే వేయించుకోండి. రైలైతే ముందే చెప్పండి, మనిషికి రెండు కాయలు చాలని. "ఆయ్" అంటాడు. అయినా బస్తా వస్తుంది, పాలకొల్లు స్టేషన్లో మెట్ల మీదుగా దాన్ని ఎవరు మోయాలో ఇంట్లోనే చీటీ వేసుకుని బయల్దేరండి.